తడిపిన తెర

“ఆ నిచ్చెన మీద కాలు జారి పడితే నిన్ను ఎవర్రా చూసేది?” అంది నల్లమ్మ.

ఓబుళేసు ఇంకా నిచ్చెన ఎక్కనే లేదు. ఇంటి గడప మీద కూర్చుని, ముంజేతి వెంట్రుకలకు అతుక్కున్న దూదిపొట్టును గోళ్ళతో గిల్లి పారేస్తున్నాడు.

“పడనులేమ్మా.”

“పడేవాళ్ళు చెప్పి పడతారా? చేతిలో కడవ ఉంటాది. కింద చూస్తే బండలు. నడుము విరిగితే మిల్లోళ్ళు సోడా తాపి ఇంటికి పంపిస్తారు. మీ నాయన చూస్తే గుమ్మఘట్ట దిక్కు బావులు తవ్వను పోయినాడు. ఆ బావిలో ఆయన ఏమైనాడో అదీ తెల్లేదు.”

“నాయన మొన్ననే కదా మనిషితో చెప్పి పంపించింది, బాగుండానని.”

“మొన్న బాగుండాడు. ఈ పొద్దు?”

ఓబుళేసు నవ్వాడు. లేచి, మూలనున్న కడవ నోటికి కట్టిన గుడ్డ విప్పి లోపలికి చూశాడు. నల్లమ్మ వచ్చి కడవకు అడ్డం నిలబడింది.

“ఇవి తాగే నీళ్ళు. ముట్టొద్దు. రెండేండ్లాయె, మన తావున వాన మొగం చూసి. మనుషులకు లేక మనం చస్తాంటే గుడ్డకు నీళ్ళు తాపుతారా?”

“తడపకపోతే బొమ్మ మా పక్కకు దిగదు కదమ్మా. ముందరోళ్ళకే ఉండిపోతాది.”

గుంతకల్లు ఊరి బయట నూలు మిల్లు. మిల్లు ఆఫీసర్లకు ఒక క్లబ్బు ఉంది. శనివారం పొద్దు మునగగానే క్లబ్బు ఆవరణలో రెండు గుంజల నడుమ తెల్లగుడ్డ కట్టి ఇంగ్లీషు సినిమా వేస్తారు. గుడ్డకు ముందర ఆఫీసర్లకూ వాళ్ళ ఇంటివాళ్ళకూ పేము కుర్చీలు, గుమాస్తాలకు బల్లలు. కూలీలు గుడ్డకు వెనక, నేల మీద. అక్కడ కూర్చోమని ఎవరూ చెప్పినట్టు లేదు. మొదటి నుంచీ అంతే. ఎండుగుడ్డ మీద బొమ్మ వెనక్కు మసకగా దిగుతుంది. అందుకని ఆట మొదలయ్యే ముందు కూలీల్లో ఒకడు నిచ్చెన ఎక్కి గుడ్డను పై నుంచి కింది దాకా తడుపుతాడు. రీలు మార్చేటప్పుడు ఇంకోసారి చల్లుతాడు. ఆ సంవత్సరం ఆ పని ఓబుళేసు చేస్తున్నాడు. ఎవరూ చెప్పలేదు, తనే అడిగి తీసుకున్నాడు.

చివరకు నల్లమ్మ అంట్లు కడిగిన నీళ్ళు తేర్చి పెట్టిన బానలోంచి ఒక కడవ ముంచి ఇచ్చింది. “గుడ్డకు తాగే నీళ్ళేమిటికి, ఇవి చాలు” అంది. వాడు భుజాన పెట్టుకుని పోయాడు. వాడు మలుపు తిరిగే దాకా చూసి, తిరిగిన తర్వాత ఇంకా కాసేపు చూసింది. కడవ బరువుకు ఒక పక్కకు ఒరిగి నడిచేవాళ్ళకు ముందుముందు వెన్నెముక వంకర పోతుందని ఎవరో అన్నది గుర్తొచ్చింది.

ఆ రాత్రి వాడు పడకుండానే వచ్చాడు. చొక్కా తడిసి ఉంది. సంగటి ముద్ద ముందర కూర్చుని తినడం మరిచి చెప్పసాగాడు.

వాడికి నక్షత్రాల బొమ్మలంటే పిచ్చి. రాజుల బొమ్మలు, ఏడుపు బొమ్మలు వాడికి పట్టవు. నూలు చుట్టే కండె లాంటి బండిలో కూర్చుని చంద్రుని మీదికి పోయే బొమ్మ, సముద్రం అడుగున దీపాలు పెట్టుకుని కాపురం చేసే వాళ్ళ బొమ్మ, ఇట్లాంటివి. మాటలు ఒక్కటీ తెలియవు. అయినా ఇంటికొచ్చి మాటలతో సహా చెప్తాడు. నల్లమ్మ వింటూ, ఇవన్నీ తలలో దూరితే బిడ్డకు మతి నిలుస్తుందా అని భయపడుతుంది. మిల్లులో నిండిన కండెలు తీసి ఖాళీ కండెలు పెట్టే పని వాడిది. చేతులు ఆడుతుంటే తల ఎక్కడో ఉంటే వేళ్ళు ఏమవుతాయో ఆమెకు తెలుసు. అట్లా వేళ్ళు పోయిన వాళ్ళు ఆ వీధిలోనే ఉన్నారు.

“రెండు చేటలు మూతికి మూతి బోర్లించినట్ల ఉండాదమ్మా, వాని బండి. ఆకాశంలో పోతా పోతా చెడిపోయి పడింది. యాడ పడింది అనుకుంటివి? అచ్చం మన తావు మాదిరే. రాళ్ళు, ముళ్ళకంపలు, ఎండిపోయిన వంక. అట్లాంటి నేల అమెరికాలో కూడా ఉండాదంట.”

“ముద్ద తినురా.”

“ఎవరూ దగ్గరికి రారు. తుపాకులెత్తుతారు. ఒక ముండమోసిన ఆడమనిషి మాత్రం బోరింగు కొట్టి చెంబుతో నీళ్ళిస్తాది. అప్పుడు వాడు చూడు, ఇట్ల...”

అరచెయ్యి నొసటికి ఆనించి, మెల్లగా ముందుకు చాచి, ముడిచిన వేళ్ళు ఒక్కొక్కటిగా విప్పాడు. ఎడమచెయ్యి. కుడిచెయ్యి సంగటితో ఎంగిలిగా ఉంది కాబట్టి అట్లా చూపిస్తున్నాడనుకుంది నల్లమ్మ. చెయ్యి కడిగిన తర్వాత మళ్ళీ చూపించాడు. మళ్ళీ ఎడమచెయ్యే.

“ఎడమచేత్తో ఏమిటికిరా?”

“వాళ్ళ తావున అట్లే. దొరలు కూడా అంతే. ఎన్ని బొమ్మల్లో చూసినాము! ఎడమచేత్తోనే చేతులు కలుపుతారు, ఎడమచేత్తోనే రాస్తారు.”

“తిండి?”

“తిండీ అంతే.”

“థూ. చంద్రుని మీదికి పోతారు, తినే చెయ్యి యాదో కడుక్కునే చెయ్యి యాదో తెల్లేదా?”

వాడు పడి పడి నవ్వాడు. తర్వాత పడుకుని కప్పు వైపు చూస్తూ అన్నాడు: “ఈ బొమ్మలు తెప్పించేది మా మిల్లు స్పిన్నింగ్ మాస్టరు సారేనంట. ఆయనకూ ఇవే ఇష్టమంట. మద్రాసు నుంచి వచ్చిన పెట్టె దించుకోను టేసనుకు నన్నే పిలుచుకపోయినాడు. నేను ఎత్తుకుంటాంటే, మెల్లగరా అబ్బీ, లోపల నక్షత్రాలుండాయి, అన్నాడమ్మా. నాతోనే అన్నాడు.”

నల్లమ్మకు అది కూడా బాగనిపించలేదు. పెద్దవాళ్ళ కంట్లో పడకుండా ఉంటేనే మంచిది.

సోమవారం పొద్దున పనికి పోయిన మనిషి ఎండ ఎక్కకముందే తిరిగొచ్చాడు. సద్దిగిన్నె మూత తీయలేదు. గిన్నె గూట్లో పెట్టి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

“జొరమా?” నొసలు ముట్టుకుంది. చల్లగా ఉంది. “చెయ్యి ఏమన్నా మిషన్లో పడిందా? ఏదీ, చూపించు.” రెండు చేతులూ లాగి చూసింది. వేళ్ళన్నీ ఉన్నాయి. వాడు చేతులు ఆమెకు వదిలేశాడు. ఆమె కింద పెడితే కింద పడ్డాయి.

సంగతి చిన్నక్క చెప్పింది. చిన్నక్క క్లబ్బు ఊడుస్తుంది. కొళాయి దగ్గర బిందెల వరసలో నల్లమ్మను పక్కకు లాగింది.

“నీ కొడుక్కు ఏం పోయేకాలం వచ్చింది నల్లక్కా? గేటు కాడ మాస్టరు సారుకు ఎడమచేత్తో సలాం పెట్టినాడంట కదా! నలుగురిలో!”

“ఎడమచేత్తోనా?”

“ఊరికే సలాం కూడా కాదు. నొసటికి ఆనించి వేళ్ళు ఆడించినాడంట. సారు ‘ఇదేందిరా’ అంటే ‘బొమ్మలో మనిషి పెట్టినట్ల పెట్టినా, వాడు ఎడమచేత్తోనే పెట్టినాడు’ అన్నాడంట. సారు, గుమాస్తాలు ఒకటే నవ్వు. ‘ఆ బొమ్మ నేను రెండుసార్లు చూసినాన్రా, వాడు పెట్టింది కుడిచెయ్యి. మర్యాద తప్పేదే కాక మళ్ళీ అబద్ధమా’ అని సారు బిళ్ళ వెనక్కి తీసుకొని పంపించినాడు.”

నల్లమ్మ బిందె అంచు పట్టుకుంది. “వాని పక్కన ఎవరూ లేరా? వానితో కూర్చుని బొమ్మ చూసినోళ్ళు?”

“ఏమిటికి లేరు? బదిలీ వాళ్ళంతా నిలబడుండారు. ఆదెప్ప మేస్త్రి ఉండాడు. ఓబుళేసు వాళ్ళ దిక్కు చూసినాడంట, చెప్పండి అన్నట్టు. ఎవడూ నోరు తెరవలేదు. ఎవనికి కావాల చెప్పు?” చిన్నక్క బిందె కొళాయి కింద పెట్టింది. కొళాయి బుసకొట్టి, రెండు చుక్కలు రాల్చి ఆగిపోయింది.

ఓబుళేసు మిల్లులో బదిలీ కూలీ. అంటే, రోజూ తెల్లవారి గేటు దగ్గర నిలబడాలి. పనికి రాని వాళ్ళ తావులో ఎంతమంది కావాలో చూసుకుని మేస్త్రి పేర్లు చదువుతాడు. పేరు వినబడ్డవాడు పలికి, ఇత్తడి బిళ్ళ తీసుకుని లోపలికి పోతాడు. కొన్నాళ్ళు అట్లా పోయి వస్తే బిళ్ళ ఖాయమవుతుంది. ఓబుళేసు వంతు దగ్గర పడిందని ఆదెప్ప మొన్ననే అన్నాడు.

ఆ సాయంత్రం ఆదెప్ప తనే వచ్చాడు. లోపలికి రాలేదు. గుమ్మంలో నిలబడి తుండుతో మెడ తుడుచుకున్నాడు. ఓబుళేసు లేచి కూర్చున్నాడు గాని తల ఎత్తలేదు.

“రేయ్, వింటాండావా? సారు మంచోడు కాబట్టి సరిపాయె. ఇంకొకడైతే మెడపట్టి గెంటేస్తాండె. రోజూ వచ్చి నిలబడు. నీ పేరు చదువుతా. ‘బుద్ధి తక్కువై చేసినా, తప్పయింది’ అని అందరి ముందర ఒక మాట అను. బిళ్ళ తీసుకో. వచ్చే సోమవారం దాకా చూస్తాడంట. అంతలో అనకపోతే పేరు కొట్టేస్తాడంట.”

ఓబుళేసు చాప పోగు గిల్లుతున్నాడు.

“అంటాడులే అన్నా,” అంది నల్లమ్మ తొందరగా. “రేపే అంటాడు. ఒక మాటే కదా.”

“నీళ్ళుంటే ఇయ్యి నల్లక్కా.”

చెంబుతో ఇచ్చింది. ఆదెప్ప తల వెనక్కు వాల్చి, పెదవికి తగలకుండా గొంతులో పోసుకున్నాడు. గొంతులో గుటక పడుతూ ఉంటే నల్లమ్మ అడిగింది: “అన్నా, నువ్వు కూడా ఆ పొద్దు వానితోనే కూర్చుంటివి కదా. ఆ నక్షత్రం మనిషి నీకు యా చెయ్యి ఎత్తినాడు?”

ఆదెప్ప చెంబు ఖాళీ అయిన తర్వాత కూడా కాసేపు ఎత్తే పట్టుకున్నాడు. దించి, గడప మీద పెట్టి, తుండు భుజాన వేసుకుని పోయాడు.

మరునాడు తెల్లవారి ఓబుళేసు గేటుకు పోయాడు. పేరు చదివారు. పలకలేదు. తిరిగొచ్చాడు. ఆ మరునాడూ అంతే. పోవడం మానలేదు, పలకడం లేదు. ఇంట్లో కూడా పలకలేదు. తిడితే వినేవాడు. ముద్ద పెడితే తినేవాడు. నీళ్ళకు పొమ్మంటే పోయి వరసలో నిలబడేవాడు. ఎవరైనా బిందె జరిపి వాడి ముందర పెట్టుకున్నా ఊరుకునేవాడు. నల్లమ్మ పోయి చూసేసరికి వాడు వరస చివర ఉండేవాడు.

ఆమె రేషను ఎర్రజొన్నలు చేటలో పోసి రాళ్ళు ఏరుతూ మాట్లాడేది. చేతులు ఆగేవి కావు, మాటా ఆగేది కాదు.

“తప్పయింది అంటే నోరు అరిగిపోతాదా? నేను ఎంతమందికి అన్నానో నీకు తెల్సునా? మీ నాయనకు అన్నా, షావుకారికి అన్నా, కొళాయి కాడ నాకంటే చిన్నదానికి అన్నా. అనేసి వచ్చి సంగటి తిన్యా. ఏమైంది? బతికే ఉండా.”

రాయి ఒకటి తగిలింది. తీసి పక్కన పెట్టింది.

“కుడో ఎడమో, ఏదైతే మనకేందిరా? వాళ్ళు కుడి అంటే కుడి. మనకు ఆ నక్షత్రం మనిషి ఏమన్నా చుట్టమా?”

వాడు తన ఎడమచేతి వైపు చూసుకున్నాడు. మళ్ళీ గోడ వైపు తిరిగాడు.

వాడు మట్టిగోడ మీది పగులు చూస్తూ పడుకుంటే ఆమెకు ఏడుపు రావడం కూడా ఆగిపోయింది. మొదటి రోజు ఏడ్చింది. తర్వాత ఏడుపు తావులో ఏదో మొద్దుగా, నాలుకకు సున్నం పూసినట్టుగా ఉండిపోయింది. పనులు మాత్రం చేసుకుపోయింది. చేద తాడు విప్పి తన చీరల మూట అడుగున పెట్టింది. కొడవలి చూరులోంచి తీసి చిన్నక్క ఇంట్లో ఇచ్చింది. ఎందుకని చిన్నక్క అడగలేదు. రైలు కూత వినబడినప్పుడల్లా ఇంట్లోకి తొంగి చూసేది. గుంతకల్లులో రైలు కూతలకు కొదవా? పొద్దస్తమానం తొంగి చూస్తూనే ఉంది. వాడు అక్కడే ఉండేవాడు.

శుక్రవారం చిన్నక్క ఒక కబురు తెచ్చింది. “రేపు మళ్ళీ అదే బొమ్మంట. కొత్త పెట్టె రాలేదని కొందరంటాండారు. మాస్టరు సారే ఇంకోసారి చూస్తానని అట్టిపెట్టుకున్నాడని కొందరంటాండారు.”

నల్లమ్మ ఆ రాత్రి ఆలోచించుకుంది. కొడుకు అనకపోతే తను అంటుంది. సారు కాళ్ళ మీద పడుతుంది. మిల్లు గేటు దగ్గర కావలివాడు నిలబడనివ్వడు. క్లబ్బులో అయితే బొమ్మ అయిపోయి లేచేటప్పుడు దొరుకుతాడు.

“ముందర పక్కకు నన్ను రానిస్తారా?” అని అడిగింది.

“నా చీపురు తీసుకో. చీపురు చేతిలో ఉంటే యాడికి పోయినా ఎవరూ అడగరు,” అంది చిన్నక్క.

శనివారం ఓబుళేసు కదల్లేదు. కడవ ఖాళీగా బోర్లించి ఉంది. నల్లమ్మ కొప్పు ముడుచుకుని, ఉతికిన చీర కట్టుకుని, వాడితో రేషను డిపోకు పోతున్నానని చెప్పి వెళ్ళింది. పొద్దు మునిగిన తర్వాత రేషను డిపో ఉండదని వాడికి తెలుసు. వాడు అడగలేదు.

బొమ్మ మొదలయ్యేసరికి కూలీల మధ్య ఒక మూలగా కూర్చుంది. అంతా వాడి ఈడు వాళ్ళే. ఆమెను చూసి ఇద్దరు ముగ్గురు ముఖాలు తిప్పుకున్నారు. ఒకడు మాత్రం, “రా పెద్దమ్మా, ఈడ బాగా కనపడతాది” అని జరిగాడు. నిచ్చెన మీద వేరే ఎవడో ఉన్నాడు. నీళ్ళు సరిగ్గా పరచలేదు. గుడ్డ ఒక తావున తడిగా, ఒక తావున పొడిగా ఉండి, బొమ్మలోని ఆకాశం అతుకులేసినట్టు కనబడింది.

నల్లమ్మ అంతకుముందు సినిమా చూడలేదని కాదు. డేరాలో దేవుళ్ళ సినిమా ఎప్పుడో చూసింది. ఇది వేరు. గుడ్డ అవతలి నుంచి యంత్రం వెలుగు నేరుగా కళ్ళలోకి గుచ్చుకుంటోంది. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. ముందు రాళ్ళు వచ్చాయి. ముళ్ళకంప వచ్చింది. వాడు చెప్పినట్టే అది తమ ఊరి బయటి నేల లాగానే ఉంది. చేటలు బోర్లించినట్టున్న బండి వచ్చి ఆ రాళ్ళలో పడింది. పొగ లేచింది. లోపలి నుంచి పొడుగాటి మనిషి వచ్చాడు. మొహంలో నవ్వూ లేదు, ఏడుపూ లేదు. వారం నుంచి తన ఇంట్లో పడుకుని ఉన్న మొహం అట్లాగే ఉందని ఆమెకు తోచింది.

ఆడమనిషి బోరింగు కొట్టింది. నీళ్ళు వచ్చాయి. కూలీలంతా “ఆ!” అన్నారు, బొమ్మ చూసి కాదు, నీళ్ళ ధార చూసి. ఆ మనిషి చెంబు అందుకుని తాగాడు. అరచెయ్యి నొసటికి ఆనించి, ముందుకు చాచి, వేళ్ళు విప్పాడు.

నల్లమ్మ తన చేతులు చూసుకుంది. ఆమె కుడి మణికట్టు మీద కుండ అంటుకుని కాలిన మచ్చ ఉంది. మచ్చ ఉన్న చెయ్యి కాదు, రెండో చెయ్యి. ఎడమచెయ్యే.

“ఎడమే కదరా?” అని పక్కవాణ్ణి అడిగింది.

వాడు తల వంచుకున్నాడు. “ఎడమే పెద్దమ్మా,” అన్నాడు నేలతో చెప్పినట్టు.

కళ్ళతో చూసినదాన్ని లేదన్నారు. కళ్ళున్న వాళ్ళందరూ ఊరుకున్నారు. చీపురు తీసుకుని లేచింది. గుడ్డ పక్కగా, గుంజకు కట్టిన తాళ్ళు దాటుకుని ముందరి వైపుకు పోయింది. ఎవరూ అడగలేదు. పేము కుర్చీల వరస చివర, చింతచెట్టు చుట్టూ కట్టిన గట్టు పక్కన, చీపురు ఒళ్ళో పెట్టుకుని గొంతుక్కూర్చుంది.

ఇక్కడ వెలుగు కళ్ళలో పడడం లేదు. బొమ్మ కడిగిన పళ్ళెంలా శుభ్రంగా ఉంది. కానీ ఏదో తేడా. కాసేపటికి గాని అర్థం కాలేదు. బోరింగు ఇందాక ఇంటికి ఈ పక్కన ఉండేది. ఇప్పుడు ఆ పక్కన ఉంది. తలుపు కూడా అంతే. కంప చెట్టు కూడా అంతే. నల్లమ్మ తలలో నెమ్మదిగా ఓబుళేసు మిల్లు చొక్కా మెదిలింది. జేబు పక్కన మిల్లు పేరుతో నీలం ముద్ర. చొక్కా తిరగేసి ఉతికేటప్పుడు లోపలి వైపు నుంచి చూస్తే ఆ ముద్రలోని అక్షరం కొమ్ము అటుది ఇటు తిరిగి కనబడుతుంది.

చివర్లో ఆ మనిషిని తీసుకుపోవడానికి ఇంకో బండి వచ్చింది. వాడు ఎక్కబోతూ, ఆడమనిషి వైపు తిరిగి చెయ్యి నొసటికి ఆనించాడు. నల్లమ్మ మణికట్టు మచ్చ తడుముకుంది. కుడిచెయ్యి.

దీపాలు వెలిగాయి. కుర్చీలు కదిలాయి. స్పిన్నింగ్ మాస్టరు వెంకటేశులు ఇంకా కూర్చునే ఉన్నాడు. కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుంటున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కాళ్ళ మీద పడాలని వచ్చిన నల్లమ్మ ఆ కళ్ళు చూసి పడడం మరిచిపోయింది.

“సామీ. ఓబుళేసు తల్లిని.”

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూశాడు.

“నా కొడుకు అబద్ధం చెప్పలేదు సామీ. నేను రెండు పక్కలా చూసినా. ఆ పక్క నుంచి చూస్తే బొమ్మలో మనిషి ఎడమచెయ్యి ఎత్తుతాడు. ఈ పక్క నుంచి చూస్తే కుడిచెయ్యి. ఎనక కూర్చునేటోళ్ళకు ఈ పక్క ఎప్పుడూ తెల్లేదు.”

మాస్టరు తెర వైపు చూశాడు. గుడ్డ ఖాళీగా, తడి ఆరుతూ, గాలికి కడుపులా ఉబ్బి అణుగుతోంది. దాని వెనక కూలీలు లేచి దులుపుకుంటున్న నీడలు కనబడుతున్నాయి.

“అయ్యుండొచ్చు,” అన్నాడు.

“అయితే వాణ్ని...”

“బొమ్మలో ఏ చెయ్యి అయితే ఏముందమ్మా. గేటు దగ్గర నిలబడింది నేను. అందరూ చూశారు. ఇప్పుడు నేను ఊరుకుంటే రేపు ప్రతివాడూ ఎడమచెయ్యి ఎత్తుతాడు. వాడి మీద నాకేమీ కోపం లేదు. ఒక మాట అనమను. అంతటితో పోతుంది.”

ఆయన మెత్తగానే చెప్పాడు. లేచి, కుర్చీ పక్కకు జరిపి పోయాడు. నల్లమ్మ చేతిలో చీపురు ఉంది కాబట్టి, ఏం చేయాలో తోచక ఆ కుర్చీల కింద రాలిన చెనిక్కాయ పొట్టు కొంత ఊడ్చింది.

ఇంటికొచ్చేసరికి వాడు మెలకువగానే ఉన్నాడు. ఆమె దీపం వత్తి పెంచి, ఎదురుగా కూర్చుంది.

“బొమ్మ చూసొచ్చినా.”

వాడు మొహం ఆమె వైపు తిప్పాడు.

“ఎనక నుంచి చూస్తే ఎడమ. ముందర నుంచి చూస్తే కుడి. నీ చొక్కా మీది ముద్ర తిరగేస్తే కొమ్ము ఎట్ల తిరుగుతాదో అట్ల. నువ్వు చూసింది నువ్వు చూసినావు. సారు చూసింది సారు చూసినాడు. సారుకు చెప్పినా. అయినా తప్పయింది అనాలంట.”

ఓబుళేసు లేచి కూర్చున్నాడు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, అరచేతులు పైకి తిప్పి, ఒకదాని తర్వాత ఒకటి చూసుకున్నాడు. దొరలు ఎడమచేత్తో తింటారని ఇన్నాళ్ళు నమ్మినది కూడా ఆ చూపులో పోయినట్టుంది.

“నేనింక అడగనులే, అనమని,” అంది ఆమె. అని, తన నోటి నుంచి ఆ మాట ఎట్లా వచ్చిందో తెలియక భయపడింది. అనకపోతే పేరు పోతుంది. పేరు పోతే వాడూ వాళ్ళ నాయన మాదిరి బావుల్లోకి దిగాలి. బావులు కూలతాయి. అన్నీ ఆమెకు వరసగా కనబడ్డాయి. అయినా ఆ మాట వెనక్కు తీసుకోలేదు. లేచి చీరల మూట విప్పి, చేద తాడు తీసి, దాని కొక్కేనికి దాన్ని తగిలించింది.

సోమవారం తెల్లవారి వాడు గేటుకు పోయాడు. కాసేపటికి నల్లమ్మ కూడా పోయింది. టీ అంగడి పక్కన నిలబడింది. తూర్పున ఎర్రగా ఉంది. మబ్బు తునక లేదు. బదిలీ వాళ్ళు గేటు ముందర వరసగా నిలబడి ఉన్నారు. ఆదెప్ప కాగితం చేతిలో పట్టుకుని ఉన్నాడు. పక్కన బిళ్ళల పెట్టె. మాస్టరు కావలివాడి స్టూలు దగ్గర, చేతులు వెనక కట్టుకుని నిలబడ్డాడు. అందరూ రోజుకంటే నిటారుగా ఉన్నారు.

“రామాంజులు.”

“హాజరు.”

“లక్ష్మన్న.”

“హాజరు.”

“ఓబుళేసు.”

మిల్లు లోపల కదుళ్ళ రొద వినబడుతోంది. ఓబుళేసు ముందుకు వచ్చాడు. బిళ్ళ వైపు చూడలేదు. మాస్టరు, “ఏమబ్బీ?” అన్నాడు. ఓబుళేసు కింద పెట్టిన చూపు ఎత్తి ఆయన వైపు చూశాడు. పెదవులు అంటుకుపోయినట్టు ఉన్నాయి.

ఆదెప్ప పెన్సిలు తీశాడు.

నల్లమ్మ టీ అంగడి పక్క నుంచి నడిచి వచ్చింది. దారిలో ఆమె నోట్లో ఉన్నది, “వాని బదులు నేనంటా సామీ, తప్పయింది,” అన్న మాటే. గేటు దగ్గరికి వచ్చేసరికి ఆ మాట లేదు. కావలివాడు “ఏయ్, యాడికి?” అని కర్ర అడ్డం పెట్టాడు. ఆమె కర్ర ఇవతలే ఆగింది. మాస్టరు వైపు తిరగలేదు.

“ఆదెప్పన్నా,” అంది. “ఆ పొద్దు మా ఇంటికాడ నేనొక మాట అడిగితి. నువ్వు నీళ్ళు తాగి పోతివి. ఆ నక్షత్రం మనిషి నీకు యా చెయ్యి ఎత్తినాడన్నా?”

వరసలో ఎవడో దగ్గబోయి ఆపుకున్నాడు. గేటు సందులోంచి దూదిపొట్టు ఎగిరి వచ్చి ఆదెప్ప చేతి కాగితం మీద వాలింది. ఆయన దాన్ని ఊదలేదు. పెన్సిలు మొన పేరు మీద ఆనించి ఉంది. రాయడమూ లేదు, తీయడమూ లేదు. గుంతకల్లు వైపు నుంచి రైలు కూసింది. నల్లమ్మ ఈసారి కొడుకు వైపు తొంగి చూడలేదు. ఆదెప్ప నోటి వైపే చూస్తూ నిలబడింది. రైలు వంతెన దాటి, శబ్దం సన్నబడి, పూర్తిగా పోయింది. బిళ్ళల పెట్టె మీదికి ఎండ వచ్చింది.

ఆదెప్ప పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు.

“ఎడమే నల్లక్కా,” అన్నాడు. తర్వాత మాస్టరు వైపు తిరిగి, గొంతు సవరించుకున్నాడు. “మేమంతా ఎనకల కూర్చుంటిమి సారూ. మాకందరికీ ఎడమే కనపడింది.”